ఇద్దరు కాపలావాళ్లు, ఒక్క ప్రశ్న

ఫిబ్రవరి 4, ఆదివారం

ఈ డ్రైవర్‌గారిని ఏదో ఒక రోజు డ్రాగన్‌కి మేతగా వేస్తాను.

వారమంతా కూర్చుని నది దాటే పజిల్ ఒకటి తయారుచేశాను. పడవలో పడవవాడు కాక ఇంకొక్కరే పడతారు. తోడేలుకు బదులు పిశాచం, మేకకు బదులు మంత్రగత్తె, గడ్డిమోపుకు బదులు మాట్లాడే పుట్టగొడుగు. ఇంత మార్చాక ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాను. నేనింకా నది ఎంత వెడల్పో చెప్తున్నాను, ఆయన టీ ఊదుకుంటూ, ఇది మేకా గడ్డీ తోడేలే కదా డాక్టరమ్మా, ముందు మంత్రగత్తెను దాటించేయండి అన్నాడు. అయిపోయింది. వారం రోజుల కష్టం టీ చల్లారేలోపు అయిపోయింది.

పైగా డాక్టరమ్మట. నేను డాక్టర్ని కాదు బాబూ, కళ్ళజోళ్ల షాపు నడుపుకునేదాన్ని అని చెప్పీ చెప్పీ నా నోరే అరిగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసేస్తాను. కళ్ళు టెస్ట్ చేసే గదిలో మడతబల్ల వేస్తాం. గోడమీద అక్షరాల చార్టు, బల్లమీద పాచికలు, బేకరీ అమ్మాయి తెచ్చే విరిగిపోయిన బిస్కెట్లు. నేను గేమ్ మాస్టర్ని. ఆ లోకంలో కొండా నేనే, వానా నేనే, దయ్యమూ నేనే. మిగతా నలుగురికీ తలో వేషం. ఏం చేస్తారో వాళ్లు చెప్తారు, పాచికలు వేస్తారు, ఏమైందో నేను చెప్తాను. ఏళ్ల తరబడి ఇదే మా సినిమా, ఇదే మా షికారు.

డ్రైవర్‌గారు మాంత్రికుడు. సిటీ బస్సు నడిపే మనిషి కదా, మంత్రం వేసినా టైముకే వేస్తాడు. బేకరీ అమ్మాయి విలుకత్తె. మా అన్నయ్య పిల్లి అనే దొంగ. మా వదిన సేనాపతి.

అన్నయ్యా వదినా విడిగా ఉండబట్టి మూడు నెలలు దాటింది. ఇల్లు పంచుకోలేదు, వస్తువులు పంచుకోలేదు, ఆట మాత్రం ఇద్దరూ వదల్లేదు. బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. వేషాల్లో ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా మాట్లాడుకుంటారు. ఇవాళ సేనాపతి, ఒరేయ్ పిల్లీ, నా భుజమెక్కరా అని ఆ దొంగను వరదలోంచి మోసుకొచ్చింది. ఆట ఆగగానే అదే వదిన బిస్కెట్ల డబ్బా కావాలంటే నన్నడిగింది. డబ్బా అన్నయ్య మోచేతి దగ్గరుంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

కళ్ళజోడు స్క్రూ వదులైందని అన్నయ్య షాపుకొచ్చాడు. వాడు లిఫ్టులు రిపేరు చేస్తాడు. ఇరవై అంతస్తుల మధ్య వేలాడే మోటారును బాగుచేస్తాడు గానీ ఈ బుల్లి స్క్రూ మాత్రం చెల్లెలే బిగించాలి.

నేను బిగిస్తుంటే మెల్లిగా చెప్పాడు. వేరే ఊళ్లో ఏవో కొత్త టవర్లు కడుతున్నారట, రెండేళ్ల పని, కంపెనీ వీణ్ణి పొమ్మంటోందట. ఇరవైమూడో తారీఖులోగా ఏ సంగతీ చెప్పాలట. నీకు వెళ్లాలనుందా అని అడిగాను. చూద్దాం అన్నాడు. వదినకు చెప్పావా అన్నాను. ఆవిడకెందుకులే అన్నాడు. అసలు నీకేం కావాలిరా అని కాస్త గట్టిగానే అడిగాను. బయట ఫ్రేములు చూస్తున్న కస్టమర్ ఉలిక్కిపడింది. వాడు మాత్రం, ఏదో ఒకటి అవుతుందిలే అన్నాడు. ఆ స్క్రూ డ్రైవరుతో వాడి బుర్రలో ఇంకేమైనా వదులైందేమో బిగిద్దామనిపించింది.

చిన్నప్పటినుంచీ అంతే. ఏ రంగు చొక్కా కావాలన్నా నీ ఇష్టం. సినిమాకి వెళ్దామా అంటే నీ ఇష్టం. పెళ్లయ్యాక వదినకూ అదే జవాబు. గోడకు ఏ రంగు, సెలవులకు ఏ ఊరు, పిల్లలు కావాలా వద్దా, అన్నిటికీ నీ ఇష్టమే. పాపం మంచితనమే అనుకున్నాం అందరం. అన్నిటినీ ఒక్కతే తేల్చుకునేసరికి వదినకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు ఒళ్లు మండి, అయితే నేను వెళ్లిపోనా అని అడిగింది. నీ ఇష్టం అన్నాడు. వెళ్లిపోయింది.

వీడు ఇప్పుడు ఆ ఊరు పోతే ఇక అంతే సంగతులు. ఆట పోతుంది, అది నాకు బాధే. కానీ వాళ్లిద్దరికీ వారానికొక పూటైనా మాట కలిసే చోటు ఇదొక్కటే. ఇది కూడా పోతే వాళ్లు జన్మలో కలవరు.

ఫిబ్రవరి 11, ఆదివారం, సాయంత్రం

సిగ్గుతో చస్తున్నాను. నవ్వుతో కూడా.

ఇవాళ ఇద్దరు కాపలావాళ్ల పజిల్ పెట్టాను. రెండు తలుపులు. ఒకటి బయటికి దారి, రెండోది తిన్నగా డ్రాగన్ నోట్లోకి. తలుపుకొక కాపలావాడు. ఒకడు ఎప్పుడూ నిజమే చెప్తాడు, ఇంకొకడు ఎప్పుడూ అబద్ధమే. ఎవడు ఎలాంటివాడో మనకి తెలీదు, వాళ్లకి మాత్రం తెలుసు. ఇదీ పాతదేనని తెలుసు. అందుకే కాస్త బిగించాను. ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు గానీ ఎవడు ఎలాంటివాడో తేల్చేదాకా తలుపుల గురించి అడగకూడదన్నాను. రెండు గొంతులూ నేనే. ఎడమవాడికి బొంగురు గొంతు, కుడివాడికి పీల గొంతు.

వాళ్లు అడగడం మొదలుపెట్టారు. నీ వయసెంత, నిన్న వాన పడిందా, నీకు మీసం ఉందా. నేను హుషారుగా చెప్పుకుంటూ పోయాను. బొంగురుతో కాసేపు, పీలతో కాసేపు. ఎక్కడ తప్పానో తెలీదు, మధ్యలో ఎవడు అబద్ధాలవాడో నేనే మర్చిపోయాను.

ముందు పట్టుకుంది బేకరీ అమ్మాయి. అక్కా, ఎడమాయన ఇందాక మీసం ఉందన్నాడు, ఇప్పుడు నున్నగా గీసుకున్నానంటున్నాడు అంది. మధ్యలో గీసుకున్నాడు అన్నాను. ఎప్పుడు గీసుకున్నాడు డాక్టరమ్మా, మేం ఇక్కడే నిలబడి ఉన్నాం కదా అన్నాడు డ్రైవర్‌గారు. అడ్డంగా దొరికిపోయాను. అన్నయ్య గంభీరంగా, ఆయనకు మీసం ఉండి ఉంటుంది, కానీ ఆయనకే ఆ సంగతి తెలిసుండదు అన్నాడు. వదిన ఫక్కున నవ్వింది. వాడు మొహమెత్తి ఆవిడ వైపే చూసి నవ్వాడు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది, ఇద్దరూ బిస్కెట్ల డబ్బాలోకి తొంగి చూశారు.

గొంతులు మార్చి మనల్ని మోసం చేసే గేమ్ మాస్టర్ వద్దు, వచ్చేవారం కాపలాకి మనుషుల్నే పెట్టండి అని తీర్మానించాడు డ్రైవర్‌గారు. ఆ మాట వినగానే నాలో దయ్యం నిద్రలేచింది. దొంగనీ సేనాపతినీ శాపం పట్టుకుంది, ఇకనుంచీ ఆ తలుపులకి వాళ్లే కాపలా అనేశాను.

ఫిబ్రవరి 12, సోమవారం

కాపలావాళ్లలో ఎవరు నిజం, ఎవరు అబద్ధం అని తేల్చడానికి చీటీలు కాదు, కళ్ళజోడు అద్దాలు. తెల్ల అద్దం వస్తే నిజం, నల్ల అద్దం వస్తే అబద్ధం. ఐడియా ఎంత బాగుందో, నాకే నేను ముద్దొస్తున్నాను.

ఫిబ్రవరి 15, గురువారం

వదిన వచ్చింది. ఆవిడ బ్లడ్ బ్యాంకులో పనిచేస్తుంది. ఎంతటి పిరికివాడి చేతిలోనైనా సూది దిగిందని తెలీకుండా దింపుతుంది. కళ్ళు టెస్ట్ చెయ్యమంది. చేశాను. కళ్ళు బంగారంలా ఉన్నాయి. ఇంకోసారి చూడు అంది. ఆట ఆడీ ఆడీ ఆ చార్టు మొత్తం ఆవిడకు కంఠతా. కళ్ళు మూసుకుని కూడా చదివేస్తుంది.

రెండో టెస్టు మధ్యలో, మీ అన్నయ్య ఊరు వెళ్తున్నాడటగా అంది. నేను బేకరీ అమ్మాయికి చెప్పాను, ఆ అమ్మాయి అందరి చెవినా వేసిందన్నమాట. ఇంకా ఏమీ అనుకోలేదట అన్నాను. అనుకోడు, ఆయన అనుకోడు, ఎవరో ఒకరు బండి ఎక్కిస్తే వెళ్లి కూర్చుంటాడు అంది. నీకు వాడు వెళ్లడం ఇష్టమేనా అని అడిగాను. నా ఇష్టంతో బతికీ బతికీ విసిగిపోయానమ్మా అంది.

మళ్లీ తనే చెప్పింది. నాకు కోట్లు వద్దు, మేడలు వద్దు, దేని గురించైనా సరే, ఒక్కసారి నాకిది కావాలి అని ఆ నోటితో అంటే విని చచ్చిపోతాను అంది. ఆ ముక్కేదో వాడికే చెప్పొచ్చుగా అన్నాను. చెప్పి అనిపించుకుంటే అది కూడా నేనన్నట్టే కదా అంది.

డబ్బులు తీసుకోలేదు. ఆవిడ బలవంతంగా కళ్ళజోడు తుడిచే గుడ్డలు రెండు కొనుక్కుని వెళ్లింది. ఆవిడకు కళ్ళజోడే లేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం, సాయంత్రం

వంట ఇంకా కాలేదు. అయినా ఇప్పుడే రాసెయ్యాలి.

మధ్యాహ్నం షాపు మెట్లమీద ఎండలో కూర్చుని ట్రేలన్నీ తుడిచాను. అందులోంచే ఒక తెల్ల అద్దం, ఒక నల్ల అద్దం తీసి గుడ్డ సంచిలో వేశాను. అందరూ వచ్చారు, టీలయ్యాయి, కబుర్లయ్యాయి. తర్వాత అన్నయ్య ఒకటి తీశాడు, వదిన ఒకటి తీసింది. గుప్పిట్లో చూసుకుని ఎవరికీ చూపించలేదు. ఇద్దర్నీ చెరో తలుపు దగ్గరా నిలబెట్టాను. అంటే ఒకరు టెస్ట్ గది గుమ్మంలో, ఒకరు బీరువా పక్కన.

ఈసారి ఒక్కటే ప్రశ్న, ఒక్కరికే అన్నాను. డ్రైవర్‌గారు నవ్వాడు. దీనికి ఊరందరికీ తెలిసిన జవాబుంది. రెండోవాణ్ణి అడిగితే ఏం చెప్తాడు అని మొదటివాణ్ణి అడగాలి. ఎవర్ని అడిగినా ఆ జవాబులో ఒక నిజం, ఒక అబద్ధం కలిసే వస్తాయి. అంటే వచ్చేది ఎప్పుడూ తప్పే. దాన్ని తిరగేసుకుంటే సరిపోతుంది. ఔనంటే కాదు, కాదంటే ఔను.

ఆయన లేచి అన్నయ్య ముందుకెళ్లి నిలబడ్డాడు. తలుపు సంగతి అడుగుతాడనుకుని నేను డ్రాగన్ గొంతు సవరించుకుంటున్నాను. ఓ కాపలా పిల్లీ అన్నాడు. అదిగో ఆ సేనాపతిని, నీ మనిషి ఊరెళ్లకుండా ఇక్కడే ఉండిపోవాలని నీకుందా అని అడిగితే, ఆవిడ ఏం చెప్తుంది, అదీ నా ప్రశ్న అన్నాడు.

బేకరీ అమ్మాయి చేతిలో బిస్కెట్ చేతిలోనే ఉండిపోయింది. ఇది ఆటలో ప్రశ్న కాదు, కొట్టేస్తున్నాను అని నేను అనాలి. గేమ్ మాస్టర్ని కదా. అనలేదు. నిజం చెప్పాలంటే, అనాలని నాకూ లేదు.

అన్నయ్య గుప్పిట తెరిచి అద్దం చూసుకున్నాడు. మళ్లీ మూశాడు. లేదంటుంది అన్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు.

డ్రైవర్‌గారు చప్పట్లు కొట్టాడు. లేదన్నాడంటే ఉన్నట్టే, ఇక తిరుగులేదు అని, రూట్ నంబర్ చెప్పినంత ధీమాగా లెక్క విప్పి చెప్పాడు. మేమందరం ఒకేసారి వదిన వైపు తిరిగాం. మొహం ఎర్రగా కందిపోయింది. ఆవిడ మా ఎవర్నీ చూడలేదు. నీకెలా తెలుసు అంది అన్నయ్యతో. నేనెవరికీ చెప్పలేదు, నీకెలా తెలుసు అంది.

అన్నయ్యను ఆట బయట ఎప్పుడూ మీరు అనే అంటుంది. అడిగింది వదినో సేనాపతో ఇప్పటికీ నాకు తెలీదు. వాడు నోరు వెళ్లబెట్టి నిలబడ్డాడు. ఆవిడ టీ కప్పులన్నీ పోగేసుకుని వెనక సింకు దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి వాడూ వెళ్లాడు. కొళాయి చాలాసేపు పారింది. నీళ్లు వృథా చేస్తే నాకు మహా ఒళ్లుమంట. ఇవాళ ట్యాంకు ఖాళీ అయినా సరే అనుకున్నాను.

ఇద్దరూ కలిసే మెట్లు దిగారు. వీధి చివర చెరోవైపూ తిరిగారు. అయినా సరే, కలిసే దిగారు.

ఫిబ్రవరి 19, సోమవారం, ఉదయం

అయ్యో నా తలరాత.

షాపు తీసి బల్ల సర్దుతుంటే రెండు అద్దాలూ దొరికాయి. రెండూ తెల్లవే. నల్లది ఎక్కడ పడిపోయిందో అని బల్ల కింద పాకాను, బీరువా జరిపాను. అనుమానం వచ్చి రెండూ పట్టుకుని మెట్లమీద ఎండలోకి వెళ్లాను. ఒకటి నా చేతిలోనే మెల్లిగా నల్లబడింది.

ఎండకు రంగు మారే అద్దం. ఎండలోకి వెళ్తే నల్లబడుతుందండీ, లోపలికి రాగానే మళ్లీ తెల్లబడుతుందండీ అని రోజూ చిలకలా చెప్పి అమ్మే అద్దం. మెట్లమీద నల్లగా ఉంది, తీసి సంచిలో వేశాను. టీలు తాగేలోపు అది తెల్లబడింది. ఇద్దరికీ తెల్లవే వచ్చాయి. ప్రపంచంలో కళ్ళజోళ్ల షాపువాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఇది, ఆ షాపువాళ్లలో కూడా నేనొక్కదాన్నే చేసుంటాను.

అంటే కాపలావాళ్లిద్దరూ నిజం చెప్పేవాళ్లే. జవాబులో అబద్ధమే కలవలేదు. తిరగెయ్యడానికి ఏమీ లేదు. ఎదుటివాళ్లది నల్లదని లెక్కలు వేసుకునే రకం కాదు అన్నయ్య, లేదంటుంది అన్నాడంటే లేదనే అనుకున్నాడు. వాడి మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తన మనసు మొగుడికి చెప్పకుండానే తెలిసిందని వదిన అక్కడ మురిసిపోతోంది. వాడికి ఏమీ తెలీదు.

ఫిబ్రవరి 20, మంగళవారం

బస్టాపులో డ్రైవర్‌గారి బస్సు ఆగితే ఎక్కి చెప్పేశాను. కప్పెట్టెయ్యండి డాక్టరమ్మా, శుభమా అని కలుస్తుంటే అద్దాల గొడవెందుకు అన్నాడు. టికెట్ తీసుకోకుండా దిగిపోయాను, అదొక పాపం. బేకరీ అమ్మాయి మాత్రం పిండి చేతులు తుడుచుకోకుండానే, చెప్పెయ్యక్కా, రేపు ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఇంకా అసహ్యంగా ఉంటుంది అంది.

అన్నం సహించడం లేదు.

ఫిబ్రవరి 21, బుధవారం

అన్నయ్య పనిచేస్తున్న బిల్డింగుకి వెళ్లాను. లిఫ్టు తలుపులు తీసిపెట్టి, రెండు అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టు పైకప్పు మీద కూర్చున్నాడు. వాడి తల నా మోకాళ్ల దగ్గరుంది. అలాగే నిలబడి మొత్తం చెప్పాను. ఎండ, అద్దం, రెండూ తెల్లవి.

వాడు రెంచి పక్కన పెట్టాడు. నాది తెల్లదని నాకు తెలుసుగా చెల్లీ, లెక్కా గిక్కా నాకు తట్టలేదు, నిజం చెప్పాలి కాబట్టి నిజమే చెప్పాను అన్నాడు. ఆవిడ లేదంటుందనే అనుకున్నాను అన్నాడు. నీకెలా తెలుసు అని ఆవిడ అన్నప్పుడే నాకు తెలిసింది అన్నాడు.

ఇది నాకు తోచనే లేదు. అద్దం అబద్ధమైనా, లెక్క తప్పైనా, వదిన అడిగిన మాట అబద్ధం కాదు. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. వంగి వాడి నెత్తిమీద ముద్దు పెట్టాను. గ్రీజు అంటుకుంది.

అయితే వదినకు ఆ సంగతి చెప్పావా అన్నాను. లేదట. సింకు దగ్గర ఏం మాట్లాడుకున్నారురా అంటే, ఆవిడ కప్పులు కడిగింది, నేను తుడిచాను అన్నాడు. కంపెనీకి ఏం చెప్పావు అంటే, శుక్రవారం చెప్పాలి అన్నాడు. ఏమని చెప్తావు అన్నాను. పక్కన పెట్టిన రెంచి మళ్లీ తీసి తిప్పాడు. చివరికి, నాకు అన్నీ తెలుసనుకుని సంతోషపడుతోంది, నాకేం తెలీదని తెలిస్తే మళ్లీ పోతుందేమో అన్నాడు. వాడికి భయమేసిందని వాడి నోటితో వినడం నాకు ఇదే మొదటిసారి.

పోతే పోనీరా, ఈసారి పోవద్దని ఒక్కమాటైనా అను అన్నాను. అని, ఏడుపొచ్చి మెట్లమీదుగా దిగిపోయాను. లిఫ్టు ఎలాగూ లేదు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెధవ.

ఫిబ్రవరి 25, ఆదివారం, సాయంత్రం

మొదటి నుంచీ రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

అందరూ వచ్చారు. వదిన కొత్త చీర కట్టుకుంది. నేను ఇంకా, తలుపుల ముందు గాలి వీస్తోంది అని మొదలుపెట్టానో లేదో, అన్నయ్య లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అది లేకపోతే వాడికి మొహాలు కనిపించవు. అందుకే తీశాడని నాకర్థమైంది.

ఆ రోజు నాకొచ్చింది తెల్లద్దం అన్నాడు. నేను చెప్పింది నిజం. నువ్వు లేదంటావనే అనుకున్నాను. నాకేమీ తెలీదు, పెళ్లయినప్పటినుంచీ ఏమీ తెలుసుకోలేదు అన్నాడు. కంపెనీకి రానని చెప్పేశాను, నాకు వెళ్లాలని లేదు అన్నాడు. తర్వాత మాట కోసం తడుముకున్నాడు. నాకు నువ్వు కావాలి అన్నాడు. అక్షరాల చార్టు వైపు తిరిగి అన్నాడు, పాపం, వదిన అటుందనుకుని.

డ్రైవర్‌గారు పాచికలు వదిలేశాడు. అవి దొర్లుకుంటూ పోయి ఎక్కడో ఆగాయి, ఎంత పడిందో ఎవరూ చూడలేదు.

వదిన లేచి వచ్చి వాడి జేబులోంచి కళ్ళజోడు తీసి, తన కొంగుతో తుడిచి, వాడికి పెట్టింది. నాకొచ్చిందీ తెల్లదే అంది. మీకు నల్లది వచ్చిందనుకున్నాను కాబట్టే అంత మురిసిపోయాను అంది. నేను తలదించుకుని అద్దం కథ ఒప్పుకున్నాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ బీరువాకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ల కాపురంలో మీకు తెలీదని మీరు ఒప్పుకున్నది ఇదే మొదటిసారి అంది.

ఆ తర్వాత చాలా మామూలుగా చెప్పింది. పాత ఇంటికి నేను రాను. నా గదులు మూడో అంతస్తులో ఉన్నాయి, లిఫ్టు లేదు, మోసుకొచ్చుకోగలిగినవే తెచ్చుకోండి అంది. అన్నయ్య వెంటనే, నాకు కిటికీ పక్కన మంచం కావాలి అన్నాడు. కుదరదు, అక్కడ నేను పడుకుంటాను అంది వదిన. అయినా నాకదే కావాలి అన్నాడు. వాళ్లు పోట్లాడుకుంటున్నారు. ఎంత చక్కగా పోట్లాడుకుంటున్నారంటే, బేకరీ అమ్మాయి కళ్ళు ఒత్తుకుంటూ నా భుజం మీద పడింది.

తలుపులేవీ తెరవలేదు ఇవాళ. డ్రాగన్‌కు ఆకలి వేస్తే వెయ్యనీ.

మార్చి 3, ఆదివారం

ఇద్దరూ ఆలస్యంగా వచ్చారు. బస్సు లేటని వదిన, నడిచొచ్చామని అన్నయ్య, ఒకేసారి చెప్పారు. ఆ రూటు బస్సు నడిపే మనిషి మా బల్ల దగ్గరే కూర్చుని బిస్కెట్ నములుతున్నాడు. ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు.